దిమ్మల గదిలో వైవా

ఒట్టేసి చెబుతున్నా, ఇది మీరు చచ్చినా నమ్మరు. నమ్మకండి, నాకేం పోయింది! నేను బడికి వెళ్ళిన రోజుల కన్నా బడి గోడ దూకిన రోజులే ఎక్కువ. అలాంటి నేను చెప్పిన కథ విని పెద్ద పెద్ద ఇంజనీర్లు లైటు వేసుకుని పడుకున్నారు. మీరెంత?

ఓ ఇంజనీరింగు కాలేజీ. దాని వెనకాల సిమెంటు దిమ్మల గది. చీకటి పడితే కుక్క కూడా అటు తోక తిప్పదు.

పిల్లకాయలు సిమెంటు, ఇసుక, కంకర కలిపి దిమ్మలు పోస్తారు. తొట్టిలో నానబెడతారు. తర్వాత మిషన్లో పెట్టి నొక్కుతారు. ఎంత బరువుకి నలిగిందో చూసి, స్లాబు నిలుస్తుందో లేదో చెబుతారు. అంతే, బ్రహ్మవిద్యేం కాదు.

ఒకప్పుడు ఆ కాలేజీలోనే చదివిన కుర్ర ఇంజనీరొకడు ఒక బిల్డింగు కట్టిస్తూ, తన దిమ్మల్ని అక్కడికే పంపాడు. ఆ గది చూసే పెద్దసారు వాటిని మిషన్లో పెట్టనే లేదు. కుర్చీలోంచి లేవకుండానే "గట్టిగా ఉన్నాయి" అని సంతకం గీకేశాడు. చదువు చెప్పిన గురువు మాట కదా... కుర్రాడు నమ్మాడు. స్లాబు కింద నిలబడి, దానికి ఆసరా పెట్టిన కర్రలు తీయించాడు.

స్లాబు మొత్తం వచ్చి నెత్తిన పడింది. కుర్రాడు అక్కడికక్కడే పోయాడు.

అప్పట్నుంచి ఆ గదిలో రాత్రిళ్ళు మిషను తనంతట తానే మూలుగుతుందని చెప్పుకుంటారు. కాపలా కాసే మా బావ చెవులారా విన్నాడు. నాకు చెప్పింది ఆయనే.

ఇక మనవాడి సంగతి. ఫైనలియరు. హాస్టల్లో అందరూ "వంటోడు" అంటారు. అన్నం వండి కాదు, రీడింగులు వండి! ల్యాబులో పని చెయ్యకుండానే, ముందు జవాబు రాసుకుని, దానికి సరిపడా అంకెలు వెనక్కి లెక్కేసి పుట్టించేవాడు.

తెల్లారితే ఆఖరి ప్రాక్టికల్. బయటి కాలేజీ సారు ముందు ఎవరి దిమ్మలు వాళ్ళు నలగ్గొట్టాలి. మనవాడు ఒక్క దిమ్మ పోస్తే ఒట్టు! తప్పాడా, డిగ్రీ గోవిందా. వాళ్ళక్క కుట్టుమిషన్ తొక్కి తొక్కి మోకాళ్ళు అరగదీసుకుని చదివిస్తోంది మరి.

అందుకే ఆ రాత్రి, వేరేవాళ్ళ దిమ్మలు ఎత్తి తన నంబరు రాసుకుందామని, రూమ్మేటుని వెంటేసుకుని కిటికీ దగ్గరికొచ్చాడు.

"మామా, నువ్వూ రారా లోపలికి..."

"నాకేం ఖర్మరా? నా దిమ్మలు నేను పోసుకున్నా. నిన్ను దెయ్యం పట్టుకుంటే మీ అక్కకి కబురు చెబుతాలే, పో."

కిటికీ దూకాడు. కరెంటు లేదు. సెల్‌ఫోన్ లైటులో తొట్టిలోంచి ఓ దిమ్మ తీశాడు. తడి, జారుతోంది. ఎక్కడ పెట్టాలి? ఎదురుగా మిషను. కింది పలక మీద దిమ్మ పెట్టి, కదలకుండా పైన ఎడమ చెయ్యి అదిమి, కుడిచేత్తో పాత నంబరు గీకుతున్నాడు.

మిషను... మూలిగింది.

కింది పలక మెల్లగా లేచింది. దిమ్మకీ పై పలకకీ మధ్య చెయ్యి బిగుసుకుపోయింది. లాగాడు. రాలేదు.

వెనకాల ఎవరో ఊపిరి పీల్చారు. సిమెంటు వాసన...

"డ్రాయింగు... నేర్చుకున్నావా?" గుసగుస.

"నే-నేర్చుకున్నా సార్..."

పలక ఇంకాస్త లేచింది. వేళ్ళు కటకటమన్నాయి.

"లేదు లేదు! అద్దం కింద బల్బు పెట్టి పక్కోడి షీటు మీంచి దించేశా!"

పలక కొంచెం సడలింది.

"సర్వే..."

"క్యాంటీన్లో కూర్చుని రాసేశాం సార్. కొలిచిందేం లేదు."

"మట్టి..."

"తడి మట్టి ఆరబెట్టనే లేదు. ఆరిందని బరువు రాశా."

ఒక్కో సబ్జెక్టూ అడుగుతుంటే ఏడుపొచ్చేసింది వాడికి. నాలుగేళ్ళు తవ్వి చూస్తే చేతికొచ్చింది సున్నా. రేపు వీడు కట్టే ఇంటి కింద ఎవడో నిలబడతాడు... అప్పుడు?

"ఈ వంట... నీకెవరు నేర్పారు?"

చెబితే ఏమవుతుందో వాడికి తెలుసు. తెలియకపోవడానికి చిన్నపిల్లాడేం కాదు. కానీ క్లాసందరి ముందూ "మీ అక్క తొక్కుడంతా దండగరా" అన్న గొంతు చెవిలో మోగింది. కడుపు మండిపోయింది.

"పెద్దసారు!" పళ్ళు కొరుకుతూ అన్నాడు. "మొదటి ల్యాబులోనే చెప్పాడు, ముందు జవాబు రాసుకోండి, రీడింగులదేముంది అని. ఆయనే!"

పలక దిగింది.

"...వెళ్ళు."

ఎలా దూకాడో, ఎటు పరిగెత్తాడో వాడికే తెలీదు. రూమ్మేటు కిటికీ కింద లేడు. వాడు మిషను మూలిగినప్పుడే చెప్పులు వదిలేసి పారిపోయాడు!

పొద్దున అటెండరు వచ్చి గది తాళం తీశాడు. వెనక బయటి సారు, పిల్లలు. అందరి వెనకా వంటోడు.

మిషను ముందు మోకాళ్ళ మీద పెద్దసారు. కుడిచెయ్యి మణికట్టు దాకా రెండు పలకల మధ్య. సంతకాలు పెట్టే చెయ్యి.

కరెంటు ఇంకా రాలేదు. తాళం బయట వేసుంది. కిటికీ లోపల్నుంచి గడియ పెట్టి ఉంది.

ప్రాణం దక్కింది కానీ చెయ్యి దక్కలేదు. పరీక్ష వాయిదా పడింది. వంటోడు ఆ వారమే కంకర మోసి, ఇసుక జల్లించి, తన దిమ్మలు తానే పోసుకుని, నానబెట్టి నలగ్గొట్టి పాసయ్యాడు. వాడి మొహాన నవ్వు మాత్రం చాన్నాళ్ళు లేదు.

ఓసారి ధైర్యం చేసి ఆసుపత్రికి వెళ్ళాడు. పెద్దసారు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"సార్... ఆ రాత్రి అక్కడికెందుకెళ్ళారు?"

"ఫోనొచ్చింది. ‘దిమ్మలు నలిగాయి, సంతకం పెట్టండి సార్’ అన్నాడు. స్లాబు కింద పోయిన నా శిష్యుడి గొంతే..." కట్టు కట్టిన చేతిని దగ్గరికి లాక్కున్నాడు. "ఒకటే అడిగాడురా. నీకెవరు నేర్పారని."

"ఎవరో ఒకరి పేరు చెప్పాల్సింది కదా సార్! వదిలేసేవాడు!"

పెద్దసారు తిరిగి చూశాడు.

"ఎవరి పేరు చెప్పను? నాకు ఎవరూ నేర్పలేదు."

అదీ సంగతి. ఏంటా నవ్వు? కోతలంటారా? ఆ మిషను అక్కడే ఉంది. ఈ రాత్రికే వెళ్ళి పలకల మధ్య చెయ్యి పెట్టి, ఇదంతా అబద్ధమని తేల్చి రండి చూద్దాం. కానీ ఒక్క మాట... ఇక్కడికి రమ్మని ఎవరు చెప్పారని అడిగితే మాత్రం, మీకు పుణ్యముంటుంది, నా పేరెత్తకండి!