రెండు ఊళ్ళను పిలిచిన ఇల్లు

ఇల్లు ఏ ఊరికి పోతుందో ఆ ఇంటి ఇల్లాలికే అందరికంటే ఆఖరున తెలిసింది!

ఎల్సీరా పొయ్యి పక్కన కూర్చుని బంగాళాదుంపలు తురుముతోంది. ఆమె భర్త నోల్బెర్తో గుమ్మంలో బూట్లు విప్పుకుంటూ, వాతావరణం గురించి మాట్లాడుతున్నంత మామూలుగా చెప్పాడు.

"పూల్కావ్‌లో పిలుపులు అయిపోయాయి. ముప్ఫై రెండు గడపలు తొక్కాను. ఒక్కరు కూడా కాదనలేదు. వచ్చే శనివారం పోటుకి ఇంటిని నీళ్ళమీదికి దించుతున్నాం."

"పూల్కావా...? మనం సాంత రీతా అనుకున్నాం కదయ్యా!"

"నువ్వు అనుకున్నావు."

దుంపతోపాటు వేలు కూడా తురుముకుంది ఎల్సీరా. పైట కొంగు లేని దేశం మాది, ఏప్రాను అంచుతో వేలు చుట్టుకుని తల వంచుకుంది.

మాల్కే దీవిలో బడి మూతపడి అప్పటికి రెండు నెలలు. నలుగురు పిల్లలకోసం బడి నడపలేమని మాస్టారు పెట్టె సర్దుకుని పోయాడు. ఆ నలుగురిలో ఎల్సీరా కూతురు యానెత్ ఒకతి, పదేళ్ళది. ఇక దీవిలో ఉండి లాభం లేదు. జలసంధి దాటితే పక్కపక్కనే రెండు ఊళ్ళున్నాయి, మధ్యలో సముద్రంలోకి చొచ్చుకొచ్చిన ఒక కొండకొమ్ము. రోడ్డున వెళితే అయిదు కిలోమీటర్లు. బడి రెండింట్లోనూ ఉంది.

మా దీవుల్లో ఊరు మారడమంటే సామాను మోసుకుపోవడం కాదు, ఇల్లే కదులుతుంది. చెక్క ఇల్లు కదా! దుంగలమీద దొర్లిస్తూ ఎడ్లతో రేవుకి దించుతారు. చుట్టూ ఖాళీ పీపాలు కట్టి, పోటుమీద తేల్చి, పడవతో లాక్కుపోతారు. అవతలి ఒడ్డున ఆ ఊరి ఎడ్లు అందుకుంటాయి. దీనికి కూలి ఇవ్వరు, తీసుకోరు. ఇంటివాళ్ళలో ఒకరు గడప గడపకూ వెళ్ళి చేతులు జోడించి పిలవాలి. పిలిచినవాళ్ళూ పిలిపించుకున్నవాళ్ళూ ఒకే గొట్టంతో మాటె కషాయం తాగితే మాట ఇచ్చుకున్నట్టే. ఆ మాట తప్పినవాడి పేరు ఆ ఊళ్ళో కుక్కపిల్లకి కూడా పెట్టరు.

"సాంత రీతాలో అక్కకి చూపు పూర్తిగా పోతోందయ్యా..." అంది ఎల్సీరా. "మొన్న చలికాలంలో కెటిల్ అనుకుని నిప్పులమీద చెయ్యి పెట్టింది! ఆ చేతికి ఇంకా చర్మం సరిగ్గా రాలేదు!"

"పూల్కావ్ ఎంత దూరమని? అయిదు కిలోమీటర్లు. ఆదివారం ఆదివారం వెళ్ళి చూసి రా."

"పొయ్యి ఆదివారాలే వెలిగిస్తారా?"

నోల్బెర్తో కారణాలన్నీ వేళ్ళమీద లెక్కపెట్టాడు. పూల్కావ్‌లో తన తమ్ముడు సీక్స్తో ఉన్నాడు, పక్కనే స్థలం కూడా చూసిపెట్టాడు. ఆల్చిప్పల ఫ్యాక్టరీలో పని ఉంది. ఆస్పత్రి ఉంది. అతను చెప్పినవన్నీ నిజమే. చెప్పనిది ఒక్కటుంది, అది ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

సాంత రీతాలో ఎల్సీరా అక్క ఒతీలియా ఒంటరిగా ఉంటుంది. తల్లి పోయేనాటికి ఎల్సీరాకి ఆరేళ్ళు, ఒతీలియాకి పంతొమ్మిది. రెండు సంబంధాలు వెతుక్కుంటూ వస్తే, "ఈ పిల్లకి జడ వేసేవాళ్ళెవరు?" అని రెండింటినీ వాకిట్లోంచే పంపేసింది. తొమ్మిదేళ్ళ కిందట ఆ ఒతీలియా తన ఇంటికప్పు మార్చడానికి ఊరివాళ్ళని పిలిచింది. మరిదినీ పిలిచింది. కప్పుకి వేసే చెక్క పెంకులు చెక్కి పడవలో తెచ్చే బాధ్యత నోల్బెర్తోది. మాటె తాగి మరీ ఒప్పుకున్నాడు. తీరా ఆ రోజు తెల్లవారగానే దీవి పక్కన చేపల గుంపు పడింది. వల వేసుకుని అటు పోయాడు! సాంత రీతాలో ముప్ఫై మంది పాత కప్పు విప్పేసి, ఖాళీ వాసాలమీద కూర్చుని పడవకోసం చూస్తున్నారు. మధ్యాహ్నానికి వాన అందుకుంది. మంచం, పరుపు, విత్తనపు దుంపలు అన్నీ తడిసి ముద్దయ్యాయి.

మర్నాడు వెళ్ళి కాళ్ళమీద పడితే సరిపోయేది. అతను వెళ్ళలేదు. ఎవరిచేతో ఒక బస్తా చేపలు పంపాడు. ఒతీలియా ఆ బస్తా విప్పకుండానే తిప్పిపంపింది. అప్పట్నుంచి అతను సాంత రీతాలో అడుగుపెట్టలేదు. ఏడాదికోసారి తిరునాళ్ళకి మాత్రం ఎల్సీరా వెళ్ళి, అక్కని ఓ పూట చూసి వచ్చేది.

ఇదంతా తలుచుకుని ఎల్సీరా ఏడ్చింది. పైకి ఏమీ అనలేదు. పద్నాలుగేళ్ళ కాపురంలో ఆమెకి బాగా అలవాటైన పని అదే.

పొయ్యి వెనక బెంచీమీద ఉన్ని వడుకుతున్న అత్తగారు రొసెండా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆవిడకి డెబ్భై మూడేళ్ళు, మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. మర్నాడు పొద్దున్నే శాలువా కప్పుకుని గుమ్మంలో నిలబడింది.

"సాంత రీతాలో ఎవరో మోకాళ్ళకి ఆకు కడతారట. వెళ్ళొస్తా."

మూడు రోజుల తర్వాత తిరిగొచ్చింది. పడవలోంచి ఇద్దరు పట్టుకుని దింపాల్సి వచ్చింది.

"ఇదేం వైద్యం అత్తా! ఉన్న మోకాళ్ళు కూడా ఊడగొట్టుకొచ్చావు!" అంటూ గొర్రె కొవ్వుతో రుద్దింది ఎల్సీరా.

"మంచి వైద్యమేలే. నిదానంగా పనిచేస్తుంది" అని ముసలావిడ కళ్ళు మూసుకుంది.

శనివారం వచ్చింది. ఇంట్లో సామాను చాలావరకు దింపేశారు. అటకమీద మాత్రం చెక్క పెంకుల కట్టలు ఆరు అలాగే ఉన్నాయి. అవి ఎన్నో ఏళ్ళుగా అక్కడే ఉన్నాయి. పొయ్యిలోకి చితుకులు లేక ఎల్సీరా ఒకసారి ఒక పెంకు తీస్తే నోల్బెర్తో ఇల్లెగిరిపోయేలా అరిచాడు. సొంత కప్పు కారినా అందులోవి వాడలేదు, కొత్తవి కొన్నాడు. పడవ యజమాని హెరాక్లియో మామ వాటిని చూసి చిరాకుపడ్డాడు.

"ఒరే, ఆ బరువెందుకురా? ఇక్కడే పారెయ్."

"ఉండనీ మామా" అన్నాడు నోల్బెర్తో.

ఇల్లు నీళ్ళమీద తేలింది. చిమ్నీకి కట్టిన జెండా ఊగుతోంది. ముందు హెరాక్లియో పడవ, వెనక మోకుతో కట్టిన ఇల్లు. పడవలో ఎల్సీరా, అత్తగారు, యానెత్, నోల్బెర్తో, అందరికీ వండి పెట్టడానికి కోసిన రెండు గొర్రెలు, నాలుగు పీపాల ఆపిల్ కల్లు. గంట ప్రయాణం. కొండకొమ్ము దగ్గరికి రాగానే హెరాక్లియో ఇంజను తగ్గించాడు.

కుడివైపు పూల్కావ్ ఒడ్డున జెండా ఎగురుతోంది, ఎడ్లు జతలు జతలుగా నిలబడి ఉన్నాయి. ఎడమవైపు సాంత రీతా ఒడ్డున కూడా జెండా ఎగురుతోంది, అక్కడా ఎడ్లు నిలబడి ఉన్నాయి!

"ఏరా నోల్బెర్తో! ఎన్ని ఊళ్ళని పిలిచావురా?" అన్నాడు హెరాక్లియో. "నాకు తెలిసి నీకు ఒక్కటే ఇల్లు!"

నోల్బెర్తో ముఖం నల్లబడిపోయింది. భార్యవైపు తిరిగాడు.

"నువ్వేనా? నా వెనకాల వెళ్ళి పిలిచావా? రెండూళ్ళలో నన్ను తలెత్తుకోకుండా చేస్తావా...!"

"యానెత్ మీద ఒట్టు! నాకేమీ తెలీదు!" అని ఏడ్చేసింది ఎల్సీరా.

"దాన్ననకు. పిలిచింది నేను" అంది రొసెండా.

నోల్బెర్తో గిర్రున తల్లివైపు తిరిగాడు.

"నలభై ఒక్క గడప తొక్కాను" అంది ముసలావిడ. "మొదటి గడప ఒతీలియాదే. నా నడక చప్పుడు విని, నేనూ వస్తా పద పిన్నీ అంది. అది నన్ను పట్టుకుంటే నేను దానికి దారి చూపించాను. కుంటిదీ గుడ్డిదీ కలిసి ఊరంతా తిరిగాం. ఎవరికోసం అని అడిగినచోటల్లా చెప్పాను, మాట తప్పినవాడి తల్లిని నేను, అని."

"ముందే చెప్పొచ్చు కదమ్మా!"

"చెబితే నువ్వు వెళ్ళనిచ్చేవాడివా? పనిట, ఆస్పత్రిట! నీకు సిగ్గురా. ఆ ఊళ్ళో ఎవరూ నీ పిలుపు అందుకోరని భయం. చూడు, ఎంతమంది వచ్చారో!"

నోల్బెర్తో చూడలేదు. హెరాక్లియో నీళ్ళు చూశాడు.

"అరగంట ఉంది. తర్వాత పోటు తీసేస్తుంది, ఇల్లు బురదలో కూలబడుతుంది. ఎటో తేల్చండి."

"నన్ను ఆ దీవికి ఇచ్చినప్పుడు వెళ్తావా అని ఎవరూ అడగలేదు" అంది రొసెండా. "దీన్నీ అడగలేదు. దీన్నడుగు హెరాక్లియో. ఆ ఇంట్లో పొయ్యి వెలిగించేది ఇది."

హెరాక్లియో టోపీ వెనక్కి నెట్టి ఎల్సీరా వైపు చూశాడు. "చెప్పమ్మా. కుడికా, ఎడమకా?"

వారం రోజులుగా లోపల లోపల అరుచుకుంటున్న జవాబు చెప్పబోతూ ఎల్సీరా కుడి ఒడ్డువైపు చూసింది. అటు పూల్కావ్ ఒడ్డున ఉన్నవాళ్ళూ పని మానుకుని వచ్చినవాళ్ళే. వాళ్ళకీ మాట ఇచ్చారు. ఎటు తిప్పినా రెండో ఒడ్డున మనుషులు జెండా పట్టుకుని చూస్తూ నిలబడతారు, తొమ్మిదేళ్ళ కిందట వాసాలమీద కూర్చున్నవాళ్ళలాగే. అది తెలిసే ఆమె నోరు విప్పింది.

"ఎడమకి తిప్పు మామా."

తర్వాత భర్తవైపు తిరిగింది. కన్నీళ్ళు కారుతున్నాయి గానీ మాట వణకలేదు.

"నువ్వు పక్కన కట్టిన చిన్న పడవలోకి దిగు. పూల్కావ్ వెళ్ళి వాళ్ళకి చెప్పు. చేపల బస్తా పంపకు. నువ్వే వెళ్ళు."

నోల్బెర్తో ఆమెని కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. తల్లివంక చూసి, తెడ్డు తీసుకుని దిగాడు.

అక్కడ ఏం జరిగిందో తర్వాత సీక్స్తో అందరికీ నటించి చూపించాడు. అన్న మోకాలిలోతు నీళ్ళలో టోపీ తీసి నిలబడ్డాడట. "మాట ఇచ్చాను, తప్పుతున్నాను. తిట్టండి" అన్నాడట. తిట్టారు! ఒక ముసలమ్మ అయితే అతని ముత్తాతల దాకా వెళ్ళొచ్చింది. అన్నీ విన్నాక సీక్స్తో అడిగాడు.

"అది సరే అన్నా, గొర్రెలెక్కడ?"

"పడవలో... సాంత రీతా పోయాయి."

"కల్లు?"

"అదీ అంతే."

"మరి మేమిక్కడేం చేస్తాంరా!" అని పూల్కావ్ ఊరు ఊరంతా ఎడ్లని రోడ్డెక్కించింది.

సాంత రీతా ఒడ్డున ఇల్లు గులకరాళ్ళమీద కూర్చుంది. ఆరు జతల ఎడ్లు కట్టినా రెండు బారలు కదిలి ఆగిపోయింది. ఒక మోకు తెగింది. ఏం చెయ్యాలో తోచక నిలబడిన సమయానికి కొండకొమ్ము దారిమీద ఇంకో అయిదు జతలు కనిపించాయి. ముందు నోల్బెర్తో ములుగర్ర పట్టుకుని, తడిసిన బూట్లతో నడుచుకుంటూ వస్తున్నాడు. సాంత రీతా మగవాళ్ళు అతన్ని చూశారు, పలకరించలేదు. తెగిన మోకు కొస మాత్రం అతని చేతికిచ్చారు.

రెండూళ్ళూ కలిసి లాగితే ఇల్లు గట్టెక్కింది. సాయంత్రం అయ్యేసరికి ఒతీలియా కంచె పక్కన, తండ్రినాటి దుంపల మడిలో నిలిచింది. ఒతీలియా చేతులతో గోడ తడుముకుంటూ చుట్టూ తిరిగింది.

"పొయ్యి ఇటేనా?"

"ఇటేనక్కా... నీ వాకిట్లోంచి పొగ కనిపి..." అని నాలిక కరుచుకుని, అక్కని వాటేసుకుని భోరుమంది ఎల్సీరా. "ఏడాదికి ఒక్క పూట! ఇన్నేళ్ళూ ఒక్క పూట! నన్ను క్షమించక్కా...!"

"పొగ కనిపించకపోతే వాసనొస్తుందిలే పిచ్చిదానా" అంటూ ఒతీలియా చెల్లెలి తల నిమిరింది. "ఇదేంటి, జడంతా ఊడిపోయింది! ఇటు తిరుగు." కాలిన మచ్చల చేత్తో, మూడు పాయలు తీసి అల్లడం మొదలుపెట్టింది. ముప్ఫై అయిదేళ్ళ ఎల్సీరా ఆరేళ్ళపిల్లలా మెట్టుమీద కూర్చుని ఏడుస్తూనే ఉంది.

నోల్బెర్తో కొంచెం దూరంలో వచ్చి నిలబడ్డాడు.

"ఎవరది?" అంది ఒతీలియా. "ఈ అడుగుల చప్పుడు మరిచిపోయాను."

"నేనే వదినా... నోల్బెర్తోని."

ఒతీలియా చేతులు ఆగలేదు. జడ చివరికంటా అల్లి, ముడివేసి, అప్పుడు తలెత్తింది.

"పెంకులు తెచ్చావా మరిదీ?"

కల్లు పీపాల దగ్గర నవ్వులు ఆగిపోయాయి. నోల్బెర్తో ఇంట్లోకి వెళ్ళాడు. అటకమీదనుంచి కట్టలు ఒక్కొక్కటే తెచ్చి ఆమె కాళ్ళ దగ్గర పెట్టాడు, ఆరూ పెట్టాడు. ఏళ్ళ దుమ్ము కింద ప్రతి కట్టమీదా బొగ్గుతో రాసిన పేరు ఉంది. ఎల్సీరా ఏప్రాను అంచుతో తుడిచి చూసింది. 'ఒతీలియా' అని ఉంది.

"తెచ్చాను వదినా" అన్నాడు.

ఒతీలియా వంగి ఒక పెంకు తీసి వేళ్ళతో రెండువైపులా తడిమింది. పదును చూసింది. నెమ్మదిగా కట్టమీద పెట్టేసింది.

"ఆ రోజు వానలో హడావుడిగా వేసిన రేకులే పైన ఇంకా ఉన్నాయి. వంటింటిమీద ఎక్కువ కారుతుంది" అంది. "నిచ్చెన పెరట్లో ఉంది."