హోటల్ చూడ్డానికి వచ్చిన వీణ

“మీరెట్లున్నరు?” అనడిగాడు ఎల్లేష్.

“మీరా? ‘నువ్వు’ ఎటు పోయింది?” అంది వీణ.

చిక్కడపల్లిలో కొత్తగా కట్టిన ఖరీదైన హోటల్ అది. బయట సన్నగా వాన. గుమ్మం దగ్గర ఇద్దరూ చెప్పులు తుడుచుకుని లోపలికి నడిచారు.

ఒకప్పుడు అశోక్ నగర్ కోచింగ్‌లో కలిసి గ్రూప్స్‌కి చదివినవాళ్లు. అతనికి ఉద్యోగం వచ్చింది. ఆమెకు రాలేదు. ఫలితాలు రాగానే ఆమె హాస్టల్ ఖాళీ చేసింది, ఫోన్ నంబర్ మార్చింది. ఇప్పుడు ఇంటీరియర్ డిజైనర్. పాత బ్యాచంతా మళ్లీ కలవాలనుకున్నప్పుడు, స్నేహితురాలు రమ్య ఆమెను వెతికి పట్టుకుంది. “మనం కలిసే హోటల్ నువ్వే చూడాలె. ఎల్లేష్ తోడొస్తడు” అంది.

లాబీలో రాతిగోడ మీదకి పసుపు వెలుతురు జారుతోంది.

“లైటింగ్ ఎట్లుంది?” అడిగింది వీణ.

“బాగుంది.”

“ఆ కుర్చీలు?”

“అవి గూడ బాగున్నయి.”

“కూర్చోకుండనే?”

కూర్చున్నాడు. మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి. వీణ పకపకా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నేళ్లయిందో అనుకున్నాడు ఎల్లేష్.

“ఫొటోల మంచిగ కనవడితే డిజైన్ కాదు సార్. మనోళ్లు గంటలు గంటలు ముచ్చట పెడ్తరు, నడుములు పోతయి.”

హోటల్ మేనేజర్ వాళ్లను పై అంతస్తు హాల్లో వదిలి, ఫోనొస్తే బయటికి వెళ్లాడు. ఒక పక్కంతా అద్దమే. కింద అశోక్ నగర్ హాస్టళ్ల డాబాలు, తడుస్తున్న చొక్కాలు, కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు.

వీణ నవ్వు ఆగిపోయింది.

“సిటీలనే ఉన్న గనీ ఇటు రాలే. వస్తే ఆ ఫెయిలైన పిల్లనే గుర్తొస్తది.”

“నాకు వేరే పిల్ల గుర్తొస్తది. రీడింగ్ రూమ్ ట్యూబ్‌లైట్‌కు రంగు కాయితం చుట్టి ఓనర్‌తోని తిట్లు తిన్నది. సుల్తాన్ బజార్‌ల గుడ్డ తెచ్చి కిటికీలకు పరదాలు కుట్టింది. పాలిటీ చదువుమంటే గోడలు చూస్తుండె.”

వీణ కళ్లు తుడుచుకుంది. “గెట్‌టుగెదర్‌కు రావొద్దనుకున్న ఎల్లేష్. అందరు ఆఫీసర్లు.”

“రిజల్ట్ వచ్చినంక నీ హాస్టల్‌కు వచ్చిన. అప్పటికే పోయినవ్. నాతోని బతుకుతవా అని అడుగుదామని వచ్చిన.”

“నాకు జాబ్ రాలేదని తెల్సి గూడనా?”

“నేను వచ్చింది నీ కోసం. జాబ్‌తోని నాకేం పని?”

వాన పెరిగింది. అద్దం మీద నీళ్లు పాయలు పాయలుగా దిగుతున్నాయి. వీణ అటే చూస్తూ మెల్లగా అంది.

“ఇప్పుడడుగు.”

అడిగాడు. ఆమె అద్దం నుంచి ఇటు తిరిగింది. చెయ్యి చాచి అతని చేతిని పట్టుకుంది.

తలుపు చప్పుడైంది. “హాల్ నచ్చిందా మేడం?” అంటూ మేనేజర్ లోపలికొచ్చాడు.

“నచ్చింది. మా ఫ్రెండ్స్ కలిసేది ఇక్కడనే,” అంది వీణ చెయ్యి వదలకుండానే. “ఇంకో ఫంక్షన్ గూడ ఉంటదేమో. మా అమ్మనడిగి చెప్త.”