మాయమైన తీర్మానాల పుస్తకం

ఉదయం 9:40.

ఎర్రగుట్టపల్లి గొర్రెల పెంపకందార్ల సంఘం ఆఫీసు తాళం పగిలి ఉంది. బీరువాలో తీర్మానాల పుస్తకం లేదు.

దేవరకొండ నుంచి వచ్చిన ఎస్సై శైలజ గడప దగ్గరే ఆగి చూసింది. మిగతా ఫైళ్లు కదల్లేదు. దొంగకు కావలసింది ఆ ఒక్క పుస్తకమే.

"ఇంకెవరు మేడం, సత్తమ్మనే!" అన్నాడు సంఘం సెక్రటరీ పరమేష్. "సంఘం రద్దుకు మీటింగ్ల తీర్మానం చేసినం. అరవై రెండు మందిల నలభై ఎనిమిది మంది వేలిముద్రలేసిండ్రు. అసలు మీటింగే కాలేదని ఈమె అర్జీ పెట్టింది. రేపు సహకార శాఖ ఆఫీసర్ పుస్తకం చూడనీకి వస్తుండు. అది లేకుంటే రద్దు ఆగుతదని ఎత్కపోయింది."

పక్కనే నిలబడ్డ సభ్యురాలు సత్తమ్మ ముఖం ఎర్రబడింది. "నేనెందుకు తీస్త? సంఘం పోతే గుట్ట లీజు పోతది. గొర్లను ఏడ మేపాలె?"

శైలజ ఇద్దరినీ నమ్మలేదు. సంఘం అధ్యక్షుడు గుర్వయ్య వైపు తిరిగింది.

"ముద్ర వేశారా?"

"ఏసిన."

"ఎప్పుడు?"

"యాదికి లేదు బిడ్డా. ఏదో ఒకదానికి ఏస్తనే ఉంటం."

ఆ ముసలాయన చూపు తప్పిస్తున్నాడు. ఎందుకు?

ఆఫీసర్‌కు పంపిన తీర్మానం జిరాక్స్ కాపీ తెప్పించింది. పైన తీర్మానం. కింద పేర్లు, పేరు పక్కన అంకె, వేలిముద్ర.

"ఈ అంకెలేంటి?"

"సభ్యత్వ నంబర్లు," తడుముకోకుండా చెప్పాడు పరమేష్.

మధ్యాహ్నం 3:00. సంఘం షెడ్డులో సభ్యులందరినీ కూర్చోబెట్టింది.

"గుర్వయ్య గారూ, మీకు గొర్రెలెన్ని?"

"నలభై."

"నర్సింగమ్మా, నీకు?"

"నాయి గూడ నలభై. కడుపుల పురుగులకు నట్టల మందిచ్చినప్పుడు గంతే రాసి ముద్ర ఏయించుకున్నరు."

శైలజ కాపీ పైకెత్తింది. "ఇద్దరి పేర్ల పక్కనా నలభయ్యే ఉంది. ఒకే సభ్యత్వ నంబరు ఇద్దరికెలా ఇచ్చావు పరమేష్?"

పరమేష్ కాపీ అందుకోబోయాడు. శైలజ ఇవ్వలేదు.

"ఇది గొర్రెల లెక్క. ఎవరి మందకెంత నట్టల మందు ఇచ్చారో రాసి ముద్రలు తీసుకున్న తీర్మానాల పుస్తకం పేజీ. శీర్షిక మీద తీర్మానం అతికించి జిరాక్స్ తీశావు. కాపీలో అతుకు తెలియదు. అసలు పుస్తకంలో తెలుస్తుంది. అది చూడమని అర్జీ పెట్టిందే సత్తమ్మ. ఆమె ఎందుకు దాస్తుంది? ఆఫీసర్ కంట పడకూడదని భయం ఎవరికి?"

పరమేష్ ఒప్పుకున్నాడు. "సంఘం పోతే గుట్ట మీద కంకర కంపెనోళ్లు మిషన్ పెడ్తరంట. నాకు సూపర్‌వైజర్ కొలువిస్తమన్నరు."

4:15కు అతని ఇంట్లో, దాణా బస్తా అడుగున పుస్తకం దొరికింది.

పన్నెండు రోజుల తర్వాత ఆఫీసర్ ఎదుట నిజమైన మీటింగ్ జరిగింది. బందోబస్తుకు శైలజ వచ్చింది. యాభై మూడు మంది హాజరు. సంఘం రద్దుకు తొమ్మిది చేతులే లేచాయి. వాటిలో ఒకటి గుర్వయ్యది.

శైలజ ఉలిక్కిపడింది. ఆ రోజు ఆయన దాచిన మాట ఇదేనన్నమాట.

"మోకాళ్లు పనిజేస్తలేవు," గొణిగాడాయన. "కొడుకులు 'మేం గొర్లు కాయం' అన్నరు. సంఘం నాకెందుకని అనుకున్న."

తీర్మానం వీగిపోయినట్టు ఆఫీసర్ రాసుకున్నాడు. గుర్వయ్య చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది.

సత్తమ్మ లేచి ఆ చేతిని పట్టుకుంది.

"దించు మామా. రేపటి సంది నీ మందను నా మందతోటి తోల్కపోత."