డి డ్రైవ్‌లోని గొంతు

పి.గన్నవరంలో పొద్దుటినుంచీ ఒకటే ముసురు. ప్రణవి వంటింట్లో పెసరపిండి రుబ్బుకుంటోంది. ముందుగదిలో మొగుడు రామ్‌ప్రసాద్ కంప్యూటర్ ముందు కూర్చుని తెగ సణుగుతున్నాడు. బళ్లో లెక్కలు చెప్పుకునే మనిషి ఉన్నట్టుండి వీడియో పాఠాలు చేస్తానని బయల్దేరాడు. ఇంకేం, సి డ్రైవ్ నిండిపోయింది. పక్కనున్న డి డ్రైవ్‌ని తీసేసి, ఆ చోటంతా సిలో కలిపేస్తే పీడా వదిలిపోతుందని ఆయనగారి ఉపాయం.

ఆ డిలో ఉన్నది ప్రణవి తండ్రి శరభయ్యగారి గొంతు. ఆయన నిరుడు పోయారు. అవి బతికుండగా శిష్యుల కోసం చెప్పిన వేదపాఠాలు. గురువు ఒకసారి చెబితే శిష్యుడు రెండుసార్లు అనాలి. ఆ రెండుసార్లకీ సరిపడా ఖాళీ వదిలి మరీ రికార్డు చేయించుకున్నారు. కూతురికి నేర్పలేదు. ఆ గొంతు మాత్రం కూతురికే మిగిలింది. ఆమెకి అంతకుమించి ఆస్తి లేదు.

"నాన్నగారివి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించేరా అండీ?" అని కేకేసింది.

"ఎక్కించేను. ఎన్నిసార్లు అడుగుతావు?"

ప్రణవి చేతులు కడుక్కుని వచ్చేసరికి డి లేదు. అంతా కలిసిపోయి ఒకే ఒక్క సి. ఆమె పెన్‌డ్రైవ్ తెరిచి చూసింది. అందులో ఏమీ లేదు.

"ఏవీ అండీ?"

రామ్‌ప్రసాద్ ఆమె వైపు తిరగలేదు. "చాలాసేపు పట్టేట్టుంది, మానేశాను. ఆ వల్లెవేతలు ఇప్పుడెవరు వింటారే?"

మొహమ్మీదే అబద్ధం! పరాయివాడు చేస్తే తిట్టి ఊరుకునేది. చేసింది కట్టుకున్నవాడు.

అంతలో కరెంటు పోయింది. యూపీఎస్ కాసేపు కూసి ఆరిపోయింది. మబ్బుకి గది చీకటైపోయింది. విభూతి వాసన... తడిపంచె వాసన...

ఆరిపోయిన స్పీకర్లో ఎవరో గొంతు సవరించుకున్నారు.

నాన్నగారే. ఒక్క వాక్యం చెప్పి ఆగారు.

ఆ ఖాళీలో రామ్‌ప్రసాద్ నోరు తెరుచుకుంది. సంధ్యావందనం కూడా సరిగ్గా రానివాడు ఆ వాక్యాన్ని స్వరం తప్పకుండా అన్నాడు. మళ్లీ అన్నాడు. రెండు చేతులతో నోరు మూసుకోబోయాడు... చేతులు లేవలేదు. కళ్లు మాత్రం భార్యని బతిమాలుతున్నాయి.

ఇంకో వాక్యం. ఇంకోటి. ఒక్కో వాక్యానికీ అతని గొంతు సన్నబడుతూ వచ్చింది. స్పీకర్ ఆగిపోయింది. ఈసారి నాన్నగారి మాట రామ్‌ప్రసాద్ నోట్లోంచే వచ్చింది.

"అమ్మాయీ..." గుసగుస. "లోపల ఇతను ఇంకా కాస్త మిగిలున్నాడు. తీసేయనా?"

వద్దనాలి. ఆమెకి తెలుసు. కానీ ఆ పిలుపు విని ఏడాదైంది. ఖాళీ పెన్‌డ్రైవ్ ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"ఆయ్, తీసేయండి నాన్నగారూ."

రామ్‌ప్రసాద్ కళ్లల్లో బతిమాలడం ఆగిపోయింది. ఆ మనిషి నింపాదిగా లేచి, ఒళ్లు విరుచుకుని, ఆమె తలమీద చెయ్యి వేశాడు. చెయ్యి మంచులా ఉంది.

వాన చప్పుడు కాస్త తగ్గింది. కరెంటు లేని కంప్యూటర్లోంచి మొగుడి గొంతు సన్నగా, వణుకుతూ వినిపించింది.

"ప్రణవీ... మామయ్యగారు ఇక్కడే, నా పక్కనే ఉన్నారే..."