గుర్రం బొమ్మ వెనక రెండో డెస్క్‌టాప్

మధ్యాహ్నం రెండింటికి బట్టలుతికే షాపు మీది గదిలో చీఫ్ నిలబడే బ్రీఫింగ్ ఇచ్చాడు. ఏజెంట్ ముప్పై నాలుగు మాత్రం కూర్చున్నాడు. మోకాళ్ళు అతని మాట వినడం మానేసి ఏడాదైంది.

"నాలుగింటికి విత్తనాల ఆఫీసు నుంచి ఒక లిస్టు విదేశానికి పోతుంది. అందులో మనవాళ్ళ పేర్లు పదకొండు. ఎవరెవరివో మనకే తెలీదు."

"కంప్యూటర్ పగలగొడితే?"

"ఆ ఆఫీసు మాటున ముఠా నడిపే బాస్ ఇంకోదాంట్లోంచి పంపుతాడు. పంపేశాననే వాడు అనుకోవాలి. లిస్టు మనకి రావాలి. అందుకని ఆ మిషన్‌లో రెండో డెస్క్‌టాప్ పెట్టు, తెర మీద కనపడే ఏర్పాటంతా ఇంకోటన్నమాట. చూడ్డానికి అచ్చం పాతదే. సెండ్ కొడితే ఇక్కడికొస్తుంది. పని కాగానే దానంతటదే చెరిగిపోతుంది."

"పాతదాన్నే మార్చేస్తే పోలా?"

"ఐదింటికి వాళ్ళ టెక్నీషియన్ పాతదాన్ని తనిఖీ చేస్తాడు. ఒక్క ఫైల్ తగ్గినా, మెకానిక్‌ని పిలిపించిన నెమలి ప్రాణం పోతుంది."

నెమలి ఆ ముఠా బాస్ సెక్రటరీ. మన రహస్యాలు తమకి మోస్తోందని వాళ్ళ నమ్మకం. నిజానికి మోత అటు నుంచి ఇటు.

విత్తనాల ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. లిఫ్ట్ పనిచేయడం లేదు. ముప్పై నాలుగు చెవిటి మెకానిక్ వేషంలో, చెవిలో మిషన్‌తో, ప్రతి మెట్టునీ తిట్టుకుంటూ ఎక్కాడు. ఆ చెవిమిషనే చీఫ్‌తో మాట్లాడే వైర్‌లెస్.

తలుపు తీసింది నెమలి. పచ్చ సిల్కు బట్టలు, వీధి చివరిదాకా వచ్చే సెంటు.

"ఫ్యాన్ గోల పెడుతోంది" అంది.

"దుమ్ము తిన్నదమ్మా" అన్నాడు. కోడ్ కలిసింది. ఆమె పాస్‌వర్డ్ చీటీ అతని సంచిలో జారవిడిచింది.

మెడకి బెల్టు కట్టుకున్న బాస్ అతని చెవి దగ్గర అరిచాడు. "డాక్టర్ దగ్గరికెళ్ళొస్తా! వచ్చేసరికి సిస్టమ్ రెడీగా ఉండాలి! వినపడిందా?"

"భోజనం అయిందండీ" అన్నాడు ముప్పై నాలుగు. బాస్ విసుక్కుంటూ వెళ్ళిపోయాడు.

కళ్ళజోడు పెట్టెలోంచి పెన్‌డ్రైవ్ తీసి గుచ్చాడు. ఇన్‌స్టాలేషన్ మొదలైంది. మూడూ ఇరవైకి ఆగిపోయింది. పాతదానికీ కొత్తదానికీ ఒక ఫైల్ దగ్గర పేచీ వచ్చింది. ఈ కింది యాభై రెండు ప్రోగ్రాం ప్యాకేజీలు తీసేస్తే సర్దుకుంటుంది, తీసేయనా అని అడుగుతోంది. సరేనని వై నొక్కాలా, వద్దని ఎన్ నొక్కాలా?

"వై కొట్టెయ్" అన్నాడు చెవిలో చీఫ్. "టైం లేదు."

ముప్పై నాలుగు చదవకుండా దేనికీ సరే అనడు. లిస్టు మీద వేలు పెట్టి ఒక్కో లైనూ చదివాడు. ముప్పై ఒకటో లైను దగ్గర వేలు ఆగింది. పాత డెస్క్‌టాప్.

అతనికి తన వంటిల్లు గుర్తొచ్చింది. తమ్ముడి పెళ్ళయి మరదలు కాపురానికొచ్చిన రోజునే శుభ్రం పేరుతో అతని భార్య డబ్బాలన్నీ పారేసింది. నాలుగు నెలలు ఇంట్లో మాటల్లేవు. చివరికి ఎవరి అరలు వాళ్ళకి పెట్టి, ఉప్పు డబ్బా మాత్రం ఒక్కటే ఉంచితే పొయ్యి వెలిగింది.

ఎన్ నొక్కాడు.

"నీకేమన్నా పిచ్చా?" అన్నాడు చీఫ్.

"ఉంటే ఉండనివ్వండి."

మొత్తం సెట్టు వదిలేసి, కావలసిన ముక్కలే ఎక్కించాడు. పేచీ పెట్టిన ముక్క మానేసి, పాతదాని ముక్కనే వాడుకోమన్నాడు. సెట్టింగులకి వేరే ఫోల్డర్ కట్టాడు. కొత్తది తన లాగిన్ తెర కూడా తెచ్చుకుంటానంటే, అక్కర్లేదు, ఉన్నదే చాలన్నాడు. పాస్‌వర్డ్ కొట్టగానే కొత్తదే తెరుచుకునేలా ఆ తెరలో డీఫాల్ట్ చేసి, బాస్ పాత తెర మీది గుర్రం బొమ్మనే దీనికీ వెనక పరిచేసరికి మూడూ యాభై ఎనిమిది. వెన్ను విరిగిపోతోంది.

బాస్ వచ్చి కూర్చున్నాడు. పాస్‌వర్డ్ కొట్టాడు. గుర్రం వచ్చింది. అతని చెయ్యి పిస్టలుండే సొరుగు మీదికి పోయింది.

"గడియారం ఎడమ పక్కన ఉండాలి. కుడికెందుకొచ్చింది?"

ముప్పై నాలుగు తెర వైపు చూశాడు. ఇన్నేళ్ళ సర్వీసులో ఇంత చిన్న తప్పు ఎప్పుడూ చేయలేదు. సొరుగు సగం తెరుచుకుంది.

"నేనే మార్పించాను" అంది నెమలి, గోళ్ళు చూసుకుంటూ. "మీ మెడ ఎడమకి తిరగడం లేదుగా. పొద్దుట్నుంచీ టైమెంత టైమెంతని నా ప్రాణం తీస్తున్నారు."

బాస్ మెడ తిప్పబోయి "అబ్బా" అన్నాడు. సొరుగు మూశాడు. సెండ్ కొట్టాడు.

చెవిలో చీఫ్ ఊపిరి వదిలాడు. "వచ్చింది. పదకొండు మందినీ దాటించేస్తున్నాం."

మెట్ల దాకా సాగనంపుతూ నెమలి గొణిగింది. "గడియారం కూడా గుర్తుండదా బాబాయ్?"

"నువ్వున్నావుగా తల్లీ."

ఐదింటికి తనిఖీ జరిగింది. పాతదాంట్లో ఒక్క ఫైల్ కూడా తగ్గలేదు.

ఆరింటికి ముప్పై నాలుగు ఇల్లు చేరి చెప్పులు విప్పాడు. వంటింట్లోంచి రెండు కాఫీలు ఒకేసారి వచ్చాయి. ఒకటి భార్య చేతిలో, ఒకటి మరదలి చేతిలో. ముందు ఎవరిది అందుకుంటాడా అని ఇద్దరూ చూస్తున్నారు. అతను వెనక్కి తిరిగి మళ్ళీ చెప్పులు వేసుకున్నాడు.