కదిలే పందిరి

ఆ రోజు నేను చేయాల్సిన పనులు ఇవి.

నాన్న పడవకు డీజిల్ సబ్సిడీ కోసం ఆధార్ జిరాక్స్ సచివాలయంలో ఇవ్వాలి. అవ్వకు బీపీ మాత్రలు తేవాలి. ఐసు ఫ్యాక్టరీ వాళ్ల జీఎస్టీ రిటర్ను పూర్తి చేయాలి. ప్రభుత్వ దుబారా మీద వీడియో తీయాలి. గడ్డం గీసుకోవాలి.

చివరి పని ముందు చేసుకుని ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

నా పేరు కిషోర్ బాబు. బోగోలు మండలంలో, సముద్రం ఒడ్డున తిప్పపాలెం మా ఊరు. మా నాన్న హజరత్తయ్య వేటకు పోతాడు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. కావలిలో ఒక ఆడిటరు గారి దగ్గర పనిచేస్తాను. పగలంతా జనం కట్టే పన్నులు లెక్కవేసి, సాయంత్రం 'మన జేబు' అనే యూట్యూబ్ ఛానల్లో ఆ పన్నులనే తిడతాను. చూసేవాళ్లలో సగం మంది మా బంధువులు. మిగతా సగం, వాళ్లు బలవంతంగా చూపించినవాళ్లు.

వీడియో తీయాలనుకున్నది మా ఊరి చేపల వేలం హాలు గురించి. దాన్ని మొదలుపెట్టినప్పుడు పడవలు సరిగ్గా దాని ముందే ఒడ్డుకు వచ్చేవి. టెండరు, బిల్లు, రిబ్బను కత్తిరింపు అన్నీ అయ్యేసరికి ఏరు సముద్రంలో కలిసే చోటు ఇసుకతో పూడిపోయి దక్షిణానికి జరిగింది. దాంతోపాటు పడవలూ జరిగాయి. హాలు కాంక్రీటుది కాబట్టి జరగలేదు. ఇప్పుడు అందులో మేకలు ఉంటున్నాయి. చేపలమ్మే ఆడవాళ్లు మాత్రం కొత్త చోట, నడినెత్తిన ఎండ పెట్టుకుని ఇసుకలో కూర్చుంటున్నారు.

నేను హాలు గుమ్మంలో నిలబడి ఫోన్ ఎత్తాను.

"మిత్రులారా! మీరు సబ్బు కొన్నా పన్ను కడతారు, చెప్పులు కొన్నా పన్ను కడతారు. ఆ డబ్బుతో మన ప్రభుత్వం ఏం చేసిందో చూడండి. మేకలకు టైల్స్ వేయించింది! ఈ మేకల్లో ఒక్కటైనా ఓటు..."

"ఏమండీ, గుమ్మంలోంచి తప్పుకోండి!" లోపలి నుంచి ఒక ఆడగొంతు వినిపించింది.

నేను తప్పుకోలేదు. మేకలు తప్పించాయి. ఫోన్ ఒక పక్క, నేను ఒక పక్క పడ్డాం. మేకల వెనకే సరుగుడు కట్టె పట్టుకుని ఒక అమ్మాయి బయటకొచ్చింది. మెడలో ఐడీ కార్డు, జుట్టు నిండా గడ్డిపోచలు.

"లైవా?" అంది.

"కాదు. రికార్డింగు."

"అయితే ఇంకోసారి తీయండి. మేకల్ని మళ్లీ తోలుతా. ఈసారి ఇంకా బాగా పడొచ్చు."

"ఎవరు మీరు?"

"ఇప్పుడు మీరు తిట్టినారే, ఆ ప్రభుత్వం." పోచలు దులుపుకుంది. "ఫిషరీస్ అసిస్టెంట్‌ని. వనజాక్షి. మాది పులికాట్ పక్క. ఇక్కడికి డిప్యుటేషన్ మీద వచ్చినా."

ఆ పేరు మా ముసలమ్మల కాలం నాటిదే కానీ, ఆ కళ్లను చూశాక వేరే పేరు పెట్టడం కుదరదని నాకే అనిపించింది. లేచి ఇసుక దులుపుకుంటూ నా గడ్డం తడుముకున్నాను.

"ఆ చేతిలో ఏంది?"

"నాన్న ఆధార్ జిరాక్స్. డీజిల్ సబ్సిడీకి."

"ఓహో."

మేకలు కూడా ఆగి నావైపు చూశాయి.

"ఓహో అంటే కాదండీ," నేను అందుకున్నాను. "ముందు డీజిల్ మీద పన్ను గుంజుకుంటారు. అందులోంచే చిటికెడు తీసి సబ్సిడీ అని వెనక్కిస్తారు. ఇచ్చినందుకు ఫోటో దిగుతారు. మొదటే తీసుకోకుండా ఉంటే ఈ జిరాక్స్ ఖర్చన్నా మిగిలేది గదా?"

"మీ డిగ్రీ ఫీజు ఎవరు కట్టినారు?"

"...రీయింబర్స్‌మెంట్."

"ఓహో," అంది మళ్లీ. జిరాక్స్ నా చేతిలోంచి లాక్కుని వెళ్లిపోయింది. సంతకం లేదని మర్నాడు ఫోన్ చేసి పిలిపించింది. సంతకం పెట్టించి తీసుకెళ్తే తేదీ లేదంది. ఒకే కాగితానికి మూడుసార్లు తిప్పే కార్యాలయం మీద నాకు కోపం రాలేదు. ఇదేదో జబ్బు లక్షణమని అప్పుడే అర్థమైంది.

ఆ వారంలోనే మా అవ్వ పిచ్చమ్మ ఎండకు తాళలేక చేపల బుట్ట మీదే కళ్లు తిరిగి పడింది. నేను పరుగెత్తుకుని వెళ్లేసరికి, వనజాక్షి తన గొడుగు అవ్వకు పట్టి, తను ఎండలో నిలబడి ఉంది.

"మే పాపా, నాకేం గాలేదు," అంటోంది అవ్వ. "ఆ సందమామ చేప మీద నీడ పట్టు. అది చెడిపోతే ఎవురు కొంటారు?"

అవ్వను ఇంటికి చేర్చాక వనజాక్షితో గొడవకు దిగాను. నిజానికి మాట్లాడటానికి నాకు వేరే దారి తెలియలేదు.

"పడవలు ఎక్కడికి జరిగితే అక్కడికి మోసుకుపోయే పందిరి ఒకటి చాలు. సరుగుడు కట్టెలు, పైన టార్పాలిన్. మీ ఆఫీసుకి ఇంత చిన్న విషయం తట్టలేదా?"

"తట్టింది. నేనే రాసి పంపినా."

"ఏమన్నారు?"

"నిధులు శాశ్వత నిర్మాణాలకే ఇస్తారంట. కదలకుండా ఉంటేనే మంజూరు."

నేను పగలబడి నవ్వాను. ఆమె నవ్వాపుకోవాలని కింది పెదవి కొరుక్కుంది. ఆపుకోలేకపోయింది. ఆ నవ్వు చూసిన ధైర్యంతో అనేశాను.

"ప్రభుత్వం అక్కర్లేదు. బలవంతం అక్కర్లేదు. మా ఊరోళ్లే ఇష్టంగా తలా కొంత వేసుకుని పందిరి వేస్తారు. చూడండి."

"వెయ్యకపోతే?"

"మీ మేకల హాలు నేనే కడుగుతా."

"వేస్తే నేను మీ 'మన జేబు'లోకి వచ్చి, ప్రభుత్వం తప్పు చేసిందని చెప్తా. ఉద్యోగం పోతే మీదే బాధ్యత."

మర్నాడే టీ కొట్టు దగ్గర మూతకు చీలిక చేసిన ప్లాస్టిక్ డబ్బా పెట్టాను. మొదట మా అవ్వ వచ్చింది. రొండిన దోపుకున్న సంచి విప్పి, ఎంత వేస్తోందో నాక్కూడా కనిపించకుండా వేసి పోయింది.

ఆ తర్వాత ఊరంతా నన్ను మెచ్చుకుంది. మెచ్చుకోవడం వరకే.

"మంచి పని, అబ్బయ్యా. ముందు ఆదెయ్యను వెయ్యమను," అన్నారు మగవాళ్లు.

ఆదెయ్య మా ఊరి పెద్ద. "అందురూ ఏసినాక నేనెయ్యకుండా ఉంటానా?" అన్నాడు.

"నీడ ఆడోళ్లకి గదరా, మనకెందుకు?" అన్నాడు సాక్షాత్తూ మా నాన్న.

"నేనేస్తే, ఎయ్యని పక్కింటామె కూడా వచ్చి నా పక్కనే నీడలో కూసుంటాది. అప్పుడు నేనేం కావాల?" అంది ఒకామె. దీనికి జవాబు నేను చదివిన పుస్తకాల్లో ఉందేమోనని రాత్రంతా వెతికాను. ఉన్న జవాబులన్నీ నీడకు టికెట్ పెట్టమంటున్నాయి.

వనజాక్షి రోజూ టీ కొట్టు దగ్గర ఆగి డబ్బా ఊపి చూసేది. ఒకరోజు తెరిచి చూస్తే నాలుగు చిల్లర నాణేలతో పాటు ఒక బస్సు టికెట్టు, ఒక చొక్కా గుండీ ఉన్నాయి.

"గుండీ ఇష్టంగానే వేసినట్టున్నారు," అంది.

"నవ్వకండి."

"నవ్వట్లేదు కిషోర్ గారూ." నిజంగానే నవ్వలేదు. "నేను సొంత చోటికి పోతానని ముందే అర్జీ పెట్టుకున్నా. ఈ నెలాఖరుకు డిప్యుటేషన్ అయిపోతాది. పోయేలోపు మీ పందిరి చూస్తానో లేదో."

ప్రభుత్వ ఫైళ్లు నత్తల్లా నడుస్తాయని ఎన్ని వీడియోలు చేశానో! ఆ సాయంత్రం మా ఊరి గంగమ్మ గుడికి పోయి, ఒక్క ఫైలు, ఒకే ఒక్క ఫైలు, అలాగే నడిచేటట్టు చూడమ్మా అని మొక్కుకున్నాను.

రెండు రోజులకు ఊళ్లో చాటింపు వినిపించింది.

"పందిరికి పడవకింత అని ఊరు దురాయి ఏసిందహో! ఇయ్యని పడవ నీళ్లల్లో దిగేదానికి లేదహో!"

దురాయి అంటే మా పాలేలలో పెద్దల కట్టుబాటు. దాన్ని కాదన్న పడవను ఎవరూ తోయరు, కాదన్న ఇంటికి ఎవరూ నిప్పు కూడా ఇవ్వరు. పొద్దువాలేలోపు మొత్తం డబ్బు వచ్చేసింది. అందరికంటే ముందు పరుగెత్తింది మా నాన్నే.

ఆ వారంలోనే పందిరి లేచింది. నలుగురు ఎత్తితే కదిలే పందిరి. ఆడవాళ్లు బుట్టలతో దాని కిందికి చేరారు. ఊరంతా నన్ను పొగిడింది. నేను మాత్రం బకెట్టూ చీపురూ తీసుకుని హాలుకు పోయాను.

వనజాక్షి గుమ్మం దగ్గరే ఎదురైంది. "ఇదేంది? గెలిచినారు గదా?"

"లేదు. ఇష్టంగా ఇస్తారన్నాను. దురాయికి భయపడి ఇచ్చినారు. అదీ పన్నే. ఓడిపోయాను."

"ఇంత నిజాయితీ ఉన్నోడు యూట్యూబులో పైకి రాలేడు," అని, చీపురు నా చేతిలోంచి తీసుకుంది. "నీళ్లు పొయ్యండి, నేను చిమ్ముతా."

"పోతున్నారా మరి?"

"ఆఫీసులో అడిగినారు."

"ఏం చెప్పినారు?"

"నీళ్లు పొయ్యండి."

ఆ రాత్రి నేను నా జీవితంలో మొదటిసారి ప్రభుత్వాన్ని ఒకటి అడిగాను. ఫిర్యాదుల నంబరుకు ఫోన్ చేశాను.

"మీ సమస్య ఏమిటండీ?" అంది అవతలి అమ్మాయి.

"మా ఊరి ఫిషరీస్ మేడంని పంపించేయకూడదు."

"కారణం?"

"ఊరికి అవసరం."

"ఊరికేనా అండీ?"

"...ఫిర్యాదుదారుడికి కూడా."

ఆమె దాన్ని కూడా టైపు చేసుకుంటుందని నేను అనుకోలేదు. ఫిర్యాదు జిల్లాకు పోయి, అక్కడి నుంచి మండలానికి దిగి, చివరికి విచారణ కోసం ఎవరి మీద ఫిర్యాదో వాళ్ల దగ్గరకే వస్తుందని అసలు అనుకోలేదు. ఈ పద్ధతిని ఎగతాళి చేస్తూ నేనే ఒక వీడియో చేశాను. అయినా నాకు గుర్తు రాలేదు.

ఆదివారం. పడవలు వచ్చే వేళకు ఒక్కసారిగా వాన దిగింది. సముద్రం మీద నుంచి తెల్లటి వలలాగా వచ్చి మమ్మల్నందరినీ పందిరి కిందికి తోసింది. టార్పాలిన్‌కు ఉన్న ఒకే ఒక చిల్లు నా నెత్తి మీదే ఉంది. ఆ చివర వనజాక్షి, ఈ చివర నేను, మధ్యలో చేపల బుట్టలు, వాటి వెనక ఆడవాళ్లు, వాళ్ల మధ్య మా అవ్వ.

నా ఫోన్ మోగింది.

"నమస్కారమండీ," ఫోన్లో వినిపించిన మాటే పందిరి ఆ చివర నుంచి కూడా వినిపించింది. "ప్రభుత్వం తరఫున మాట్లాడతన్నా. తమరు ఒక ఫిర్యాదు చేసినారు. విచారణ."

నా గుండె ఇంజన్ పట్టని పడవలా రెండుసార్లు కొట్టుకుని ఆగింది.

"ఫిర్యాదుదారుడికి కూడా అవసరం అని రాసుండాది. వివరంగా చెప్పగలరా?"

"ఇక్కడా?"

"విచారణ బహిరంగంగానే జరగాలండీ."

ఆడవాళ్లు బేరాలు ఆపేశారు. వాన కూడా చెవి ఒగ్గినట్టు సన్నబడింది.

"మీరు పోతే నాకు ఈ ఊళ్లో గొడవ పడేదానికి మనిషి ఉండదు," అన్నాను. "మీరు లేకుండా గెలిచినా నాకు బాగుండదు. అంతే."

ఆ చివర ఆమె ఫోన్ ఒక చెవి నుంచి ఇంకో చెవికి మార్చుకుంది.

"నమోదు చేసుకున్నాం. మా వైపు నుంచి కూడా ఒక సంగతి. ఆదెయ్య గారి దగ్గరికి పోయి దురాయి వేయించింది నేనే. మీ డబ్బాలో గుండీ చూసి తట్టుకోలేకపోయినా."

"అది బలవంతం గదా!"

"బలవంతమే. కానీ ఆఫీసులో ఉంటారా పోతారా అని అడిగితే, ఉంటానని రాసిచ్చినా. మీ ఫిర్యాదు రాకముందే. అది మాత్రం ఎవరి బలవంతమూ లేదు. నా ఇష్టంగా."

నెత్తిన నీళ్లు పడుతున్నా నేను కదల్లేదు.

"ఇప్పుడు మీ ఫోన్‌కి ఓటీపీ వచ్చుంటాది. చెప్తే ఫిర్యాదు పరిష్కారమైనట్టు. మీకు తృప్తి కలిగితేనే చెప్పండి."

"పరిష్కారం అంటే... ఇంట్లోవాళ్లు వచ్చి అడిగితే మీ అమ్మానాన్న ఒప్పుకుంటారా?"

"రమ్మనండి. మా నాన్నకి డీజిల్ సబ్సిడీ గురించి తిట్టేవాళ్లంటే చానా ఇష్టం."

"రేయ్ అబ్బయ్యా!" మా అవ్వ అరిచింది. "ఆ నంబరేందో చెప్పి చావరా! చేపలు చెడిపోతుండాయి!"

చెప్పాను. తొందరలో ఒక అంకె తప్పు చెప్పాను. మళ్లీ పంపించి, మళ్లీ చెప్పించుకుంది ప్రభుత్వం.

నెల తిరక్కముందే నాన్న, ఆదెయ్య కలిసి పులికాట్ పక్కకు పోయి మాట ఖాయం చేసుకొచ్చారు. నా అభిప్రాయాలు పెద్దగా మారలేదు. దూరాన కూర్చున్నవాడు మన డబ్బుతో మనకేం కావాలో నిర్ణయిస్తే అది మేకలకే దక్కుతుందని ఇప్పటికీ అంటాను. ఆదెయ్య దురాయి కూడా పన్నేనని, కాకపోతే ఆయన్ను నిలదీయాలంటే నాలుగిళ్లు నడిస్తే చాలని వనజ అంటుంది. దీని మీద మా గొడవ ఇంకా నడుస్తోంది. హాలు మాత్రం ఇద్దరం కలిసే కడుగుతున్నాం.

చివరగా మిమ్మల్ని ఒకటి కోరుకుంటాను. మీరెప్పుడైనా మా వైపు వస్తే ఒడ్డున పందిరి కనిపిస్తుంది. దాని అంచున, సగం నీడలో సగం ఎండలో ఒక ముసలామె కూర్చుని ఉంటుంది. నీడ చాలక, తన చోటు ఒక కడుపుతో ఉన్న పిల్లకు ఇచ్చింది. ఎవరూ అడగకముందే, దురాయి పడకముందే, ఆ పందిరికి మొదట ఇచ్చింది ఆమే. పేరు పిచ్చమ్మ. దయచేసి గుర్తుపెట్టుకోండి. చేపకు బేరం మాత్రం ఆడకండి. ఆడితే ఆమె మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటుంది.