పన్నెండు బస్తాల పిప్పి

ముందుగా ఒక మాట. అరవై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. రాత నెమ్మది, తప్పులు దొర్లుతాయి, మన్నించండి. కథ మాత్రం పరుగెత్తుతుంది.

పళ్ళరసం ఫ్యాక్టరీ కెమిస్టు ఉదయం తొమ్మిదింటికి తన ల్యాబ్‌లోనే శవమై దొరికాడు. గోళ్ళు నీలం తిరిగి ఉన్నాయి. పిడికిట్లో ఎండిన ఆపిల్ తొక్క.

"విదేశీ ముఠా పని," అన్నాడు చీఫ్. "నిషేధించిన పురుగుమందు కొట్టిన పళ్ళని మన ఫ్యాక్టరీకి అంటగట్టారు. రసం మూడుసార్లు టెస్ట్ చేశాం. మూడుసార్లూ క్లీన్! మరి మందు ఏమైనట్టు?"

"కడిగితే పోయిందేమో సార్," అన్నాడు ఏజెంట్ నలభై.

"పోతే కెమిస్టుని ఎందుకు చంపుతారయ్యా? లోపల మన లేడీ ఏజెంట్ ఉంది. కోడ్ వర్డ్, 'ఆపిల్ పుల్లగా ఉందా?' బయల్దేరు."

మెట్లు దిగుతుంటే కూతురి ఫోన్. "నాన్నా, నువ్వు తెచ్చిన పళ్ళపొడి నిన్నటితో సరి. అది కలపందే పాప నోరు తెరవట్లేదు."

"సాయంత్రం తెస్తాలే తల్లీ," అన్నాడు. పాపకి ఏడో నెల.

పెట్టుడు మీసం, మెకానిక్ చొక్కా, పెన్ను క్యాప్‌లో టెస్ట్ పేపర్. మందు తగిలితే అది ఊదారంగుకి తిరుగుతుంది. ఫ్యాక్టరీ లోపల తొట్టి దగ్గర పళ్ళు కడుగుతున్న ముసలామె అతన్ని ఎగాదిగా చూసింది.

"కొత్తవాడివా బాబూ? ఇక్కడ ఆవిరెక్కువ, మీసం జాగ్రత్త."

"ఎంత కడిగితే మందు పోతుందమ్మా?"

"నీళ్ళకి దుమ్ము పోతుంది. తొక్కకి పట్టిన జిడ్డు పోతుందా? అది పిప్పితోనే ఉండిపోతుంది. రసం పరీక్షకెళ్తుంది, పిప్పి ఎండబెట్టే మిషన్‌కెళ్తుంది. పిప్పిని పరీక్షించరా అంటే, ఫారంలో దానికి గడి లేదంటారు. పాపం, కెమిస్టు బాబు కూడా ఇదే అడిగాడు."

నలభై మిషన్ వైపు నడిచాడు. తడిపిప్పిలో పేపర్ ముంచితే లేత ఊదా. ఎండిన పిప్పికి తాకిస్తే దాదాపు నలుపు. ఐదు కిలోలు ఎండి ఒక కిలో అవుతోంది. నీళ్ళు ఎగిరిపోతున్నాయి, మందు ఎక్కడికీ పోవడం లేదు. పక్కనే లారీలోకి పన్నెండు బస్తాలు ఎక్కుతున్నాయి. ప్రతి బస్తా మీదా నవ్వుతున్న పసిపాప బొమ్మ.

ఆ బొమ్మ అతనికి తెలుసు. కూతురి వంటింట్లో డబ్బా మీద ఉంది.

వెనక నుంచి సెంటు వాసన, ఆ వెంటే పిస్టల్ చల్లదనం. క్వాలిటీ మేనేజరమ్మ. ఫ్యాక్టరీ అంతా ఆమెని సెంటు మేడం అంటారు.

"ఆపిల్ పుల్లగా ఉందా?" అన్నాడు నలభై.

"తొక్క తీస్తే తీపే." పిస్టల్ మాత్రం దించలేదు. "నాకు రెండు జీతాలు. ఒకటి మీ చీఫ్ ఇస్తాడు, ఒకటి వాళ్ళిస్తారు. ఎవర్ని కాల్చాలో ఇంకా తేల్చుకోలేదు."

"మా మనవరాలు తినేది ఈ పొడే."

ఆమె కళ్ళు వాలాయి. "మా అక్క పిల్లలకి ఎప్పుడో మాన్పించాను," అంది.

"మీ అక్క పిల్లలకేనా?"

లారీ కదిలింది. గేటు తెరుచుకుంది. ముందు చక్రాలు రోడ్డెక్కాయి. పిస్టల్ అతని చెవి పక్కనే పేలింది. వెనక టైరు పగిలి లారీ గేటుకి అడ్డం తిరిగింది.

"రెండో జీతానికి రాజీనామా," అంది సెంటు మేడం.

"ఇది ఎన్నో లోడు?"

"మూడోది."

నలభై ఫోన్ తీశాడు. "తల్లీ, ఆ డబ్బాలో మిగిలిందంతా పారెయ్. పాపని వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళు."

"ఏముంది నాన్నా మిగలడానికి?" అంది కూతురు.

వారం తర్వాత చీఫ్ గదిలో నలభైకి మెడల్ ఇచ్చారు. పాప ఇంకా ఆస్పత్రిలోనే ఉంది. ముఠా విమానమెక్కేసింది. ఫారంలో గడి లేదు కాబట్టి పిప్పి మీద కేసు నిలవదన్నారు లాయర్లు.

"మరి ఆ బస్తాలు సార్?"

"పారేస్తామా? పశువుల దాణాకి పంపేశాం," అన్నాడు చీఫ్ హుషారుగా. "కూర్చో, టీ తాగుదాం. పాలు ఎక్కువ పోయించనా?"

నలభై మెడల్ తీసి బల్ల మీద పెట్టాడు.

"నాకు పాలు లేకుండా చెప్పండి సార్."

— రాసినది: అందరూ పెద్దమ్మ అంటారు. వయసు డెబ్బై ఒకటి. ఇప్పుడుండేది చెల్లెలి కూతురింట్లో, మేడ మీది గదిలో.